నలభై ఎనిమిది ఇళ్ళకు ఒకటే తూర్పు

నమోదు 1
గోడ కట్టిన ఇరవై ఏడో ఏడు, మాఘ బహుళ పాడ్యమి

కడలిగోడ వలయ నివాసాల నిర్వహణ సంస్థ ఎంపిక ఉపసంఘం నేటి ఉదయం తొమ్మిదీ రెండుకు ఆవిర్భవించింది. కన్వీనరుగా నన్ను, అనగా పన్నెండో నంబరు ఇంటి లీజుదారుడు గొర్తి కామేశాన్ని, ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆ సమయంలో నేను సభలో లేను. సభలో లేనివారిని ఎన్నుకోవడం మా వలయంలో ఆనవాయితీ; ఉన్నవారు ఒప్పుకోరు.

రెండో సభ్యులు నలభయ్యో నంబరు ఇంటి కొప్పర్తి సుందరశివుడు గారు. ముప్ఫై ఏళ్ళు రైలు గార్డుగా పనిచేసినందువల్ల ఏ నిర్ణయానికైనా ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. మూడో సభ్యుని స్థానం ఖాళీగా ఉంది. ఇంతవరకు సమావేశాలకు అన్నిటికంటే సక్రమంగా హాజరవుతున్నది ఆ ఖాళీయే.

కర్తవ్యం స్పష్టం. ఫాల్గుణ పౌర్ణమికి సౌఖ్య నిర్వహణ సంస్థతో ఒప్పందం ముగుస్తుంది. ఆలోగా పారదర్శకమైన, నీతి గల మరొక సంస్థకు నలభై ఎనిమిది ఇళ్ళలో ముప్ఫై రెండు ఇళ్ళు ఓటు వెయ్యాలి. లేకపోతే సౌఖ్యయే మరో పదకొండేళ్ళు కొనసాగుతుంది. కొనసాగినా నష్టం లేదని అందరి అభిప్రాయం. సౌఖ్య మేనేజరు ప్రసన్నం గారిపై ఇంతవరకు ఒక్క ఫిర్యాదైనా లేదు.

మధ్యాహ్నం ఒకటి వచ్చింది.

నమోదు 2
అదే రోజు, సాయంత్రం

ఫిర్యాదు ముప్ఫై ఒకటో నంబరు ఇంటి వాసంశెట్టి తాయారమ్మ గారిది. ఆమె దరఖాస్తు తీసుకురాలేదు; పళ్ళెంలో గుమ్మడి వడియాలు తీసుకొచ్చారు.

"కామేశం గారూ, దీన్ని విరవండి."

విరవబోయాను. అది వంగింది.

"వంగుతోందండీ," అన్నాను.

"వంగేదాన్ని వడియం అనరండీ, వినయం అంటారు. నాలుగు రోజులు ఎండబెట్టాను. మా ఇంటికి తూర్పు రావట్లేదండి."

ఈ ఆరోపణ తీవ్రత అర్థం కావడానికి మా లీజు పత్రం మొదటి పేజీ చాలు. నేల సముద్రానిది, గోడ ప్రాధికార సంస్థది. తొంభై తొమ్మిదేళ్ళ నివాసం మాత్రం మాది. ఇళ్ళన్నీ గోడ లోపలి ముఖంలో తొలిచినవి కావడంతో నేరుగా ఎండ పడదు. వలయం నడుమ స్తంభం మీద ఉన్న వంపు అద్దం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంటింటికీ తిరుగుతూ ఒక్కొక్క అరుగు మీద పదిహేను నిమిషాలు నిలుస్తుంది. ఆ పావుగంట ఎండ బయటి మూడు గంటల ఎండతో సమానం. అద్దం ఎటు ఉంటే అదే తూర్పు అని వాస్తు మండలి ధ్రువీకరించింది. కాబట్టి నలభై ఎనిమిది ఇళ్ళూ తూర్పు ముఖం ఇళ్ళే. అసలు తూర్పు ఎటువైపో తెలిసిన పెద్దలు మాలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మర్యాదస్తులు గనుక ఆ సంగతి ఎత్తరు.

"ప్రసన్నం గారి బోర్డు మీద రోజూ మీ ఇంటికి పదిహేను నిమిషాలనే ఉంటోంది," అని గుర్తుచేశాను.

"అయితే వడియాలు బోర్డు మీద పెట్టుకోమంటారా?"

ఆమె కొంగున ముడివేసిన కాగితం తీసి ఇచ్చారు. సౌఖ్య సంస్థ నోటీసు. లీజు పందొమ్మిదో షరతు ప్రకారం, ఏ పనికని రాయించుకున్న అరుగు ఆ పనికి ఏడాదిపాటు ఉపయోగపడకపోతే సంస్థ దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. తాయారమ్మ గారి అరుగు వడియాల నిమిత్తం రాసినది. ఏడాదిగా అక్కడ వడియం ఎండలేదు. పౌర్ణమి మర్నాడు అరుగు చుట్టూ గోడ లేపి గోదాముగా మారుస్తారట. సంస్థ మారితే మాత్రం కొత్త సంస్థ మొదటినుంచి విచారించాలి.

"ఆ అరుగు పోతే ఇంట్లో నాకేం పనండీ? చీకట్లో కూర్చుని పిండి కలుపుకోడానికా? ఇంకో చోటికి పోవడమే," అన్నారు ఆమె. బాధగా అనలేదు; బస్సు తప్పిపోతే తర్వాతి బస్సుకు వెళ్తానన్నట్టు అన్నారు.

ఫిర్యాదు స్వీకరించాను. సాక్ష్యం కూడా స్వీకరించాను. సాక్ష్యాన్ని నా భార్య హైమవతి వేయించి చూసింది. జిగురుగా ఉందని నివేదించింది.

నమోదు 3
మాఘ బహుళ తదియ

క్షేత్ర పరిశీలన. ముప్ఫై ఒకటో ఇంటి తూర్పు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. వలయమంతా భోజనం చేసి నడుము వాల్చే వేళ. ఇన్నేళ్ళలో ఆ ఇంటి తూర్పును చూసినవారు ఎవరూ లేకపోవడానికి అదే కారణమై ఉండవచ్చు.

ఉపసంఘం ఒంటిగంట ఇరవైకే అరుగు చేరింది. తాయారమ్మ గారు తడిపిన పాత పంచె పరిచి, ముద్ద ముద్దగా వడియాలు పెట్టి సిద్ధంగా ఉన్నారు. ఒంటిగంటన్నర అయింది. వెలుగు పక్కన ముప్ఫయ్యో ఇంటి దగ్గరే ఉంది. ఒకటీ నలభై దాటాక ఇక్కడికి వచ్చింది. నేను పుస్తకం తెరిచి తేదీ, వేళ, స్థలం, సాక్షుల పేర్లు రాశాను. సుందరశివుడు గారు తమ పేరులో ఒక అక్షరం తప్పు పడిందని సవరించమన్నారు. సవరించి తలెత్తేసరికి తూర్పు అయిపోయింది.

"ఎంతసేపుందండీ?" అని అడిగాను.

"మీ శీర్షికంత," అన్నారు తాయారమ్మ గారు.

గడియారం సుందరశివుడు గారి దగ్గర ఉంది. ఆయన యాభై సెకన్లు అన్నారు. ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ యాభై అన్నారు.

నమోదు 4
మాఘ బహుళ చవితి

సౌఖ్య కార్యాలయ సందర్శన. ప్రసన్నం గారు ఎదురొచ్చి కుర్చీ వేశారు.

"రండి రండి కామేశం గారూ! ఎలా ఉందండీ మీ కరివేపాకు మొక్క? హైమవతి గారి మోకాలి నొప్పి తగ్గిందాండీ?"

రెండూ బాగున్నాయని నమోదు చేయించాక విషయం చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు.

"అది మబ్బండీ. తాయారమ్మ గారికి చెప్పాను కూడాను. ఇదిగో రికార్డు."

రికార్డు చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆరేళ్ళుగా ప్రతి రోజు, ప్రతి ఇంటికీ పదిహేను. అద్దం మోటారు తనంతట తాను రాసుకునే కదలికల పట్టీ కూడా ఒకటి ఉంటుందని విన్నాను, అది చూపగలరా అని అడిగాను.

"మోటారు రాసేదేం చూస్తారండీ, దానికి మనుషులు తెలుసా పాడా! మనలో మనకి ఎందుకొచ్చిన పట్టీలండీ. టీ తాగుతారా?"

టీ బాగుంది. జవాబు సంతృప్తికరమని రాశాను. ఇంటికొచ్చి ఈ వాక్యాన్ని హైమకు చదివి వినిపించగా, "టీ సంతృప్తికరమని రాయండి, చాలు," అంది. సవరించాను.

నమోదు 5
మాఘ బహుళ దశమి

ప్రకటనకు రెండు సంస్థలు స్పందించాయి. వాటి నీతిని నిర్ధారించేందుకు ఉపసంఘం నూట పద్నాలుగు ప్రశ్నల పత్రం రూపొందించింది. మొదటి ప్రశ్న: మీరు నీతిమంతులా? అవును / కాదు.

దివ్యదృష్టి నివాస సేవలు అనే సంస్థ అన్ని ప్రశ్నలకూ అవుననే జవాబిచ్చింది. మేము అడగని నూట పదిహేనో ప్రశ్నకు కూడా అవుననే రాసింది. ఈ సంస్థలో మనుషులు లేరు. మృదువైన ఒక గొంతు మాత్రం ఉంది.

తూకం నిర్వహణ సహకార సంఘం మొదటి ప్రశ్నను ఖాళీగా వదిలేసి, పక్కన పెన్సిలుతో ఇలా రాసింది: "దీనికి మేము ఏం చెప్పినా మీకు ఉపయోగం లేదు. మోటారు పట్టీ చూపించండి." గడి నింపనందున దరఖాస్తు అసంపూర్ణమని తిరస్కరించబోయాను.

"తొందరపడకండి," అంది హైమ. "ఆ నూట పద్నాలుగులో మీరు నమ్మే జవాబు ఒక్కటైనా ఉందా?"

చాలాసేపు వెతికాను. ఇద్దరికీ చెరొక రోజు అద్దం అప్పగించి చూడాలని తీర్మానించాం. మూడో సభ్యుని స్థానం వ్యతిరేకించలేదు.

నమోదు 6
మాఘ అమావాస్య

దివ్యదృష్టి పరీక్షా దినం. మా తూర్పు వచ్చినప్పుడు గొంతు నన్ను పేరు పెట్టి పలకరించి, నా చొక్కా రంగు నాకు నప్పిందని చెప్పింది. తాయారమ్మ గారిని కూడా పలకరించింది. యాభై సెకన్లలో మూడుసార్లు క్షమాపణ చెప్పి వెళ్ళిపోయింది.

"క్షమాపణకి వడియాలు ఎండుతాయేమో కనుక్కోండి," అని ఆమె కబురంపారు.

సాయంత్రం నివేదిక అందింది. నలభై ఎనిమిది ఇళ్ళలో నూటికి నూరు శాతం సంతృప్తి. అందులో తాళం వేసి ఊరెళ్ళిన పదిహేడో ఇంటివారి కృతజ్ఞతా లేఖ కూడా ఉంది.

పాత సంస్థ అమర్చిన సమయాల్నే యథాతథంగా ఎందుకు నడిపారని అడిగాను. "ఎవరికీ అలవాటు తప్పించడం మా విధానం కాదు," అని గొంతు చెప్పింది. మృదువుగానే చెప్పింది.

నమోదు 7
ఫాల్గుణ శుద్ధ తదియ

తూకం పరీక్షా దినం. సంఘం తరఫున షేక్ మస్తాన్‌బీ అనే ఆవిడ వచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి; చేతిలో పెద్ద గడియారం, ఒక ఇత్తడి గంట. స్తంభం తాళాలు తీసుకుని, అందరికీ కనబడేలా గడియారాన్ని స్తంభం గుమ్మానికి వేలాడదీశారు. ప్రతి పదిహేను నిమిషాలకు గంట కొట్టడం, అద్దం జరగడం. పలకరింపు లేదు. నా చొక్కా గురించి అభిప్రాయమూ లేదు.

ఎనిమిదీ నలభై అయిదుకు మా తూర్పు వచ్చింది. తొమ్మిదికి పోయింది. పత్రికలో సంపాదకీయం చదువుతూ సగంలో ఉన్నాను.

"ఏవండోయ్!" అని పదమూడో ఇంటి గోడ మీదుగా అరిచాను. "ఇంకా అవలేదండీ!"

"అయిందండీ," అన్నారు మస్తాన్‌బీ స్తంభం మీది నుంచి.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు సరిగ్గా ముప్ఫై ఒకటో ఇంటికి తూర్పు వచ్చింది. ఒకటీ నలభై అయిదు దాకా ఉంది. తాయారమ్మ గారు మొదటి నిమిషమంతా కదలకుండా నిలబడ్డారని, తర్వాత గబగబా లోపలినుంచి ఇంకో రెండు చాపలు తెచ్చి పరిచారని సుందరశివుడు గారు చెప్పారు. నిద్ర మానుకుని వెళ్ళి చూశారట.

నమోదు 8
ఫాల్గుణ శుద్ధ చవితి

తూకం సంస్థపై నలభై ఏడు ఫిర్యాదులు అందాయి. సారాంశం అన్నిటిదీ ఒకటే: తమ తూర్పును తగ్గించారు. అయిదో ఇంటివారు దేవుడి పటం దగ్గరికి వెలుగు చేరలేదన్నారు. ఇరవై రెండో ఇంటివారు జుట్టు ఆరలేదన్నారు. పదిహేడో ఇంటివారు ఊరినుంచే కబురంపారు. పన్నెండో నంబరు ఇంటి ఫిర్యాదును నేనే రాసి, నేనే స్వీకరించి, నాకు రసీదు ఇచ్చుకున్నాను.

ఫిర్యాదు చేయని ఏకైక ఇల్లు ముప్ఫై ఒకటి. పద్ధతి ప్రకారం, ఫిర్యాదు చేయనివారి అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకునే వీలు లేదు.

నలభై ఏడు ఫిర్యాదుల ప్రాతిపదికన తూకం అనర్హమని నివేదిక రాయడం మొదలుపెట్టాను.

నమోదు 9
ఫాల్గుణ శుద్ధ షష్ఠి

నివేదిక ముగించలేదు. మస్తాన్‌బీ గారు ఇంటికొచ్చారు. స్తంభం తాళాలు ఆమె దగ్గరున్న రోజున మోటారు పట్టీ చదివారట. నకలు తెచ్చారు.

"గడియారం అందరికీ కనబడేలా పెట్టాను కదండీ. పదిహేను నిమిషాలు ఇచ్చానా లేదా?"

"ఇచ్చారు. కానీ తగ్గింది."

"తగ్గిందే. మీకు రోజూ వచ్చేది పదహారు నిమిషాల ముప్ఫై నాలుగు సెకన్లు."

నకలు నా ముందు పెట్టారు. ఇల్లు 12: తొంభై నాలుగు సెకన్లు అదనం. వలయంలో అందరికంటే ఎక్కువ నాదే. అయిదేళ్ళ కింద కరివేపాకు మొక్క కోసం ఓ పావు నిమిషం సర్దమని ప్రసన్నం గారిని అడిగిన మాట నిజం. తర్వాత సంపాదకీయం పెద్దదైనప్పుడల్లా మరికాస్త అడిగిన మాట కూడా నిజమే. ప్రసన్నం గారు కాదనలేదు. ఆయన ఎవరినీ కాదనలేదు. నలభై ఏడు ఇళ్ళూ తలా కాస్త అడిగాయి. తలా కాస్త సర్దారు. రోజు మాత్రం ఏడువందల ఇరవై నిమిషాలే. అద్దం ముప్ఫై ఒకటో ఇంటికి ఆలస్యంగా వచ్చి, తర్వాతి ఇళ్ళ కోసం పెందలాడే వెళ్ళిపోయేది.

హైమ నా భుజం మీదుగా చదివింది. "మీ సంపాదకీయం ఎవరి అన్నంలో పడిందో తెలిసిందా?" అంది.

"మరి ఆ ఒక్క ఇల్లే ఎందుకండీ?" అని మస్తాన్‌బీని అడిగాను.

"అది మీ ప్రసన్నం గారిని అడగండి. ఇంకోటి చెప్పాలి మీకు. మేం వస్తే మొదటిరోజే ఈ పట్టీ బోర్డు మీద పెడతాం. ఎవరిది ఎంతో, పేర్లతో సహా. ముందే చెప్తున్నాను. తర్వాత మోసపోయామనకండి."

"ఓటింగ్ అయ్యాక పెట్టకూడదాండీ? మెల్లిగా?"

"తెలిసి వేస్తేనే మాకు ఓటు. లేకపోతే వద్దండి."

ఇంతటి వ్యాపార దక్షత లేని సంస్థను ఉపసంఘం ఇంతవరకు చూడలేదు.

నమోదు 10
ఫాల్గుణ శుద్ధ సప్తమి

ప్రసన్నం గారిని అడిగాను. ఈసారి మబ్బు ప్రస్తావన రాలేదు.

"ఆవిడ అడగలేదు కదండీ," అన్నారు ఆయన, నిజంగానే ఆశ్చర్యపడి. "అడిగుంటే ఆవిడకీ సర్దేవాణ్ణి. అందరూ వచ్చి అడిగారు. ఆవిడొక్కరే రాలేదు. నేనేం చెయ్యనండీ?"

అక్కడినుంచి తాయారమ్మ గారి దగ్గరికి వెళ్ళి, ఎందుకు అడగలేదని విచారించాను.

"పదిహేను నిమిషాలని లీజులోనే రాసుందిగా. రాసున్నదాన్ని మళ్ళీ అడగడం ఏంటండీ?"

రెండు వాంగ్మూలాలూ పక్కపక్కన రాశాను. రెంటి మధ్యా వైరుధ్యం లేదు. ఇన్నేళ్ళ నా ఉద్యోగ జీవితంలో వైరుధ్యం లేని రెండు వాంగ్మూలాలు నన్ను ఇంత ఇబ్బంది పెట్టడం ఇదే మొదలు.

నమోదు 11
ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

పట్టీ సంగతి ఎలాగో పొక్కింది. సుందరశివుడు గారు ఎవరికీ చెప్పవద్దంటూ తొమ్మిది ఇళ్ళకు చెప్పారు. నాటినుంచి నా అరుగుకు రద్దీ. వచ్చినవారికి నకలులో వారి వరుస మాత్రమే చూపాను.

"కామేశం గారూ, ఆ దివ్యదృష్టి మంచిది కదండీ, పేరు పెట్టి పిలుస్తుంది," అని అయిదో ఇల్లు.

"పేర్లు బోర్డు మీద ఎందుకండీ, మనం మనం ఒకటి," అని ఇరవై రెండో ఇల్లు.

"ప్రసన్నం గారే ఉంటే పోదూ?" అని పదముగ్గురు.

పారదర్శకత కావాలని మాఘ బహుళ పాడ్యమినాడు తీర్మానం చేసినవారు వీరే. ఆ తీర్మానం ఇప్పటికీ అమల్లో ఉంది. ఇతరుల విషయంలో దాన్ని అమలు చేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

నేను అంచనా వేశాను. తూకానికి పది ఓట్లు వస్తే ఎక్కువ. అందులో నాది ఉంటుందో లేదో నేను చెప్పలేకపోయాను.

సాయంత్రం ఇంట్లోకి వచ్చేసరికి తాయారమ్మ గారు హైమతో మాట్లాడుతున్నారు. బల్ల మీద మడతపెట్టిన పాత పంచెలు, చుట్టిన రెండు చాపలు.

"ఇవి నువ్వుంచుకో అమ్మాయ్. పంచె ఎంత పాతదైతే వడియం అంత తేలిగ్గా ఊడొస్తుంది. కొత్తది వాడకు."

"అక్కా, ఓట్లు ఇంకా కాలేదు కదా."

"అవుతాయిలే. ఎలా అవుతాయో అందరి మొహాలూ చెప్తున్నాయి." నన్ను చూసి లేచి నిలబడ్డారు. "మీరు చాలా తిరిగారండి కామేశం గారూ. పాపం, ఎండలో."

ఎండ అన్న మాటను ఆమె వెటకారానికి అనలేదు. అందుకే ఆ రాత్రి భోజనం సహించలేదు.

నమోదు 12
ఫాల్గుణ శుద్ధ ద్వాదశి

ఉదయం తొమ్మిది దాటాక, నా తూర్పు ఇంకా తొంభై నాలుగు సెకన్లు మిగిలి ఉండగా, పత్రిక మడిచి నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి కింది ప్రకటన అంటించాను:

"ఇల్లు 12. రోజుకు తొంభై నాలుగు సెకన్లు అదనపు తూర్పు, అయిదేళ్ళుగా. కారణం: మొదట కరివేపాకు, తదుపరి సంపాదకీయం. అనుమతి: అడిగితే ఇచ్చారు. లబ్ధిదారు, కన్వీనరు: గొర్తి కామేశం."

నా అంచనా ప్రకారం రాజీనామా డిమాండు రావలసి ఉంది. సుందరశివుడు గారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"తొంభై నాలుగా! అమ్మో! ఎంత పని చేశారండీ! నాది తొమ్మిదే!"

"తొమ్మిదేనని ఎవరికి తెలుసండీ?" అన్నాను.

ఆయన నా కలం లాక్కుని కింద రాశారు: "ఇల్లు 40. తొమ్మిది సెకన్లు మాత్రమే." మాత్రమే కింద రెండు గీతలు గీశారు.

తర్వాత జరిగినదాన్ని ఏ షరతూ ఊహించలేదు. అయిదో ఇంటావిడ వచ్చి నాది చదివి, బుగ్గ నొక్కుకుని, తమది పదకొండని రాశారు. అది చూసి ఆరో ఇంటాయన తమది పదేనని రాశారు. కన్వీనరు కంటే తాము ఎంత మేలో లోకానికి తెలియాలన్న పట్టుదల వలయమంతా పాకింది. మధ్యాహ్నానికి వరుస కట్టారు. నిద్రలు మానుకున్నారు.

"జరగండి జరగండి, మాది ఏడేనండీ!"

"ఏడా? పొద్దున్నే మీ తలుపు తెరిచినప్పటినుంచి చూస్తున్నాంగా, ఏడట ఏడు!"

ఇరవై రెండో ఇంటివారు ఆరని రాశారు. జనం వెనకాల నిలబడి చదువుతున్న ప్రసన్నం గారు ముందుకొచ్చి, "లేదండీ, మీకు ఇరవై ఆరు సర్దాను, ఆరు కాదు. అమ్మాయి గారి జడ పొడుగు కదండీ," అని మర్యాదగా సరిదిద్దారు. ఆయనకు తెలియకుండానే ఆయన ఇచ్చిన తొలి నిజమైన లెక్క అది.

సాయంత్రానికి నలభై ఏడు వరుసలు నిండాయి. ముప్ఫై ఒకటో వరుస ఒక్కటే ఖాళీ. ఏడో ఇంటి లెక్కల మాస్టారు వృత్తిధర్మం కొద్దీ మొత్తం కూడి అడుగున రాశారు: ఎనిమిది వందల యాభై సెకన్లు, అనగా పద్నాలుగు నిమిషాల పది సెకన్లు.

పదిహేనులోంచి అది తీసేస్తే ఎంత మిగులుతుందో చిన్న లెక్కే. అందరి చూపూ ఆ ఖాళీ వరుస మీద పడింది.

తాయారమ్మ గారు అప్పుడే వచ్చారు. జనం దారి ఇచ్చారు. మొదటినుంచి చివరిదాకా, పేరు పేరునా చదివారు.

"ఓరి బాబో," అన్నారు చివరికి. "నేను నిజంగానే మబ్బనుకున్నానండీ."

మొదట నవ్వింది ఆమే.

నమోదు 13
ఫాల్గుణ పౌర్ణమి

ఓటింగ్. చీట్లు హైమవతి విప్పి చదివింది. నేను గీతలు గీశాను. లబ్ధిదారుల్లో ప్రథముణ్ణి గనుక చీట్లు ముట్టుకోరాదని నన్ను నేనే నిషేధించుకున్నాను.

నలభై చీట్లు విప్పేసరికి తూకానికి ముప్ఫై ఒకటి. తర్వాతి చీటీ సౌఖ్యకు. దాని తర్వాతది దివ్యదృష్టికి. దాని తర్వాతది, "అందరూ మంచివాళ్ళే" అని రాసి ఉండటంతో చెల్లలేదు. తాయారమ్మ గారు చివరి వరుసలో కూర్చుని తమ చేతులు చూసుకుంటున్నారు.

నలభై నాలుగో చీటీ విప్పి హైమ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏవైంది?" అన్నాను.

"అక్షరం ముత్యంలా ఉంది," అంది. "తూకం."

మా వలయంలో అలా రాసేవారు ఒక్కరే. నలభై ఎనిమిదో ఇంటి లీజు ప్రసన్నం గారిదేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"ఏం చెయ్యనండీ," అన్నారు. "నిన్న ఆవిడొచ్చి అడిగారు. కాదనలేకపోయాను."

అందరూ తాయారమ్మ గారి వైపు తిరిగారు.

"ఓటేగా అడిగాను," అన్నారు ఆమె. "అది లీజులో రాసి లేదుగా."

తుది లెక్క: తూకం ముప్ఫై ఆరు, సౌఖ్య తొమ్మిది, దివ్యదృష్టి రెండు, చెల్లనిది ఒకటి. గోదాము నోటీసు రద్దయింది. ఉపసంఘం లక్ష్యం నెరవేరినందున రద్దు కావలసి ఉంది. కానీ రద్దు చేయాలంటే ముగ్గురు సభ్యుల సంతకాలు అవసరం. కొనసాగుతున్నాం.

నమోదు 14
ఫాల్గుణ బహుళ పంచమి

తొమ్మిదికి గంట మోగింది, తూర్పు పోయింది. సంపాదకీయం మిగతా సగం నీడలో చదివాను. వాదనలో తేడా ఏమీ కనబడలేదు.

ఒంటిగంట నలభై ఆరుకు తాయారమ్మ గారు తలుపు తట్టారు. ఈసారి వడియాలు కావు. కొత్త సంస్థపై తొలి ఫిర్యాదు తెచ్చారు.

"ఇంకో చాప పరవడం మిగిలిందండీ. ఓ పది సెకన్లు సర్దమ్మా అని ఆవిణ్ణి అడిగాను. నా జన్మలో మొదటిసారి సెకన్లు అడిగాను."

"ఏమన్నారు?"

"కుదరదన్నారండీ! మొహం మీదే! మీ పదిహేను నిమిషాలూ అయిపోయాయి తాయారమ్మ గారూ అని గంట కొట్టేశారు." ఆమె చెంపలు ఎండకు ఎర్రబడి ఉన్నాయి. "రాసుకోండి. పదిహేనూ అయిపోయాయన్నారని కూడా రాసుకోండి. ఆ ముక్క మర్చిపోకండి."

రాసుకున్నాను. లీజు నిబంధనలు పరిశీలించి, అదనపు సమయం కోరే హక్కు ఫిర్యాదుదారుకు లేదని నిర్ధారించి, అక్కడికక్కడే తిరస్కరించాను.

ఫిర్యాదుదారు తిరస్కరణ పత్రం నకలు అడిగి తీసుకున్నారు. పటం కట్టించి గోడకు తగిలించుకుంటారట.